ప్రాసెస్ చచ్చినా కార్డు రాస్తూనే ఉంటుంది: రిలీజ్ ఫంక్షన్‌లో ఏది ముందు, ఏది తర్వాత

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. లైనక్స్‌లో ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకి డ్రైవర్ రాస్తున్నారు. యూజర్ ప్రోగ్రాం ఇచ్చిన బఫర్‌ని పిన్ చేసి (అంటే ఆ మెమరీ పేజీలు వేరొకరికి పోకుండా పట్టి ఉంచి), కార్డు డీఎంఏతో (సీపీయూ జోక్యం లేకుండా కార్డే మెమరీలోకి రాసే పద్ధతి) నేరుగా అందులోకే డేటా రాసేలా పెట్టారు. ప్రోగ్రాం నడుస్తుండగా ఎవరైనా కిల్ మైనస్ 9 (ప్రోగ్రాంని ఉన్నపళంగా చంపే కమాండ్) కొడితే ఆ మెమరీ ఏమవుతుంది, కెర్నల్ అంతా తనే సర్దేస్తుందా, రిలీజ్ ఫంక్షన్‌లో (తెరిచిన డివైస్ ఫైల్‌ని చివరికి వదిలేటప్పుడు కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) మీరేమైనా రాయాలా అని అడిగారు.

ప్రాసెస్‌కి చెందిన వాటిని కెర్నల్ సర్దేస్తుంది. కార్డుని మాత్రం ఆపదు. ప్రాసెస్ చచ్చిపోయిందన్న సంగతి కార్డుకి తెలియదు, మీ డ్రైవర్ చెబితే తప్ప. నేను ఈ పని ఒకసారి తప్పుగా రాశాను, దాని ఫలితం చాలా దూరం వెళ్లింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది డేటా క్యాప్చర్ కార్డు. శాంపిల్స్‌ని ఫ్రేములుగా కట్టి, ఒక్కో ఫ్రేము మొదట్లో నాలుగు బైట్ల గుర్తు పెట్టి, యూజర్ బఫర్‌లోకి తోస్తుంది. ప్రోగ్రాం మామూలుగా ముగిసేటప్పుడు ముందు ఆపమని కమాండ్ పంపి, తర్వాత డివైస్ ఫైల్‌ని మూసేది. నెలల తరబడి టెస్టింగ్ అంతా ఇలాగే జరిగింది, ఎక్కడా తేడా రాలేదు. ఒక రోజు, కార్డుతో ఏ సంబంధమూ లేని బ్యాకప్ ఫైల్ ఒకటి చెక్‌సమ్ తప్పింది. డిస్క్‌ని అనుమానించాం. ర్యామ్ మార్చాం. రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాం, ఒక్క ఎర్రర్ కూడా లేదు. చివరికి పాడైన ఫైల్‌నీ మంచి కాపీనీ హెక్స్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలో సరిగ్గా 4096 బైట్లు, అంటే ఒకే ఒక్క పేజీ, వేరేగా ఉంది. ఆ పేజీ మొదటి నాలుగు బైట్లు మా కార్డు పెట్టే గుర్తు.

అది చూడగానే చేతులు చల్లబడ్డాయి. ఆ ఫైల్ మాకు కనిపించింది కాబట్టి సరే. కనిపించకుండా ఇంకెన్ని పేజీల మీద రాసి ఉంటుందో ఎవరికి తెలుసు? అంతకుముందు కొన్ని రోజులుగా ఆ మెషీన్‌లో అప్పుడప్పుడు ఏదో ఒక ప్రోగ్రాం కారణం లేకుండా పడిపోతుండేది. వాటిలో కొన్నైనా మా పుణ్యమే అయి ఉండాలి.

ఎక్కడ జరిగిందో చెప్పాలంటే ముందు ప్రాసెస్ చావు ఎలా నడుస్తుందో చూడాలి. లైనక్స్‌లో ప్రాసెస్ ముగిసేటప్పుడు ముందు దాని అడ్రస్ స్పేస్ (దాని మెమరీ మ్యాపింగులన్నీ) వదులుతుంది, ఆ తర్వాతే ఫైళ్లు మూస్తుంది. అడ్రస్ స్పేస్ వదిలేటప్పుడు పేజీ టేబుళ్లు తీసేస్తుంది, ఇంకెవరూ వాడని పేజీల్ని ఫ్రీ లిస్టుకి పంపేస్తుంది. అయితే మీరు పిన్ చేసిన పేజీల మీద మీ రెఫరెన్స్ ఇంకా ఉంటుంది. కాబట్టి అవి ఫ్రీ అవ్వవు. ప్రాసెస్ పోయినా, ఆ పేజీలు ఎవరి అడ్రస్ స్పేస్‌లోనూ లేకపోయినా, మీ పిన్ ఉన్నంతవరకు వేరే ఎవరికీ వెళ్లవు. కార్డు వాటిలోకి రాస్తూ ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

అంటే ప్రమాదం ప్రాసెస్ చచ్చిన క్షణంలో లేదు. మీరు పిన్ విప్పిన క్షణంలో ఉంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. విప్పిన మరుక్షణం ఆ పేజీ ఫ్రీ అయి, ఇంకో ప్రాసెస్‌కో, పేజ్ క్యాష్‌కో (ఫైళ్ల డేటాని కెర్నల్ ఉంచుకునే మెమరీ), కెర్నల్ సొంత డేటాకో వెళ్లిపోతుంది. కార్డు దగ్గర మాత్రం పాత అడ్రసే ఉంటుంది.

మా రిలీజ్ ఫంక్షన్‌లో నేను రాసిన వరస: ముందు పేజీల పిన్ విప్పే లూప్, దాని కింద కార్డు కంట్రోల్ రిజిస్టర్‌లో స్టాప్ బిట్. మామూలుగా ముగిసినప్పుడు కార్డు అప్పటికే ఆగి ఉండేది కాబట్టి ఈ వరస తప్పని ఎప్పుడూ బయటపడలేదు. కిల్ మైనస్ 9 కొట్టినప్పుడు ఆ ఆపే కమాండ్ పంపే అవకాశమే ప్రోగ్రాంకి ఉండదు. సిగ్‌కిల్‌ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, ముగింపు హ్యాండ్లర్లు ఏవీ నడవవు. యూజర్ ప్రోగ్రాం మర్యాదగా ఆపుతుందిలే అన్న నమ్మకంతో డ్రైవర్ రాయకూడదని నాకు అప్పుడు అర్థమైంది.

సరైన వరస ఇది: కార్డుని ఆపాలి, నిజంగా ఆగిందని రూఢి చేసుకోవాలి, డీఎంఏ మ్యాపింగ్ (కార్డుకి ఆ పేజీలు అందేలా చేసిన ఏర్పాటు) తీసేయాలి, ఆ తర్వాతే పిన్ విప్పాలి. చూడటానికి తేలికే. రెండో మెట్టు దగ్గరే నాకు ఇంకో వారం పట్టింది.

స్టాప్ బిట్‌ని పైకి జరిపి, ప్రోగ్రాంని వందల సార్లు చంపి చూశాను. చాలావరకు బాగుంది, కానీ ఎప్పుడో ఒకసారి మళ్లీ అదే గుర్తు వేరే పేజీలో కనిపించింది. కారణం పీసీఐ రైట్ల స్వభావం. సీపీయూ నుంచి కార్డు రిజిస్టర్‌లోకి రాసే రైట్ పోస్టెడ్ రైట్. సీపీయూ దాన్ని వదిలేసి ముందుకు వెళ్లిపోతుంది, అది కార్డుకి చేరిందో లేదో చూడదు. చేరినా, కార్డు లోపలి ఫిఫోలో (పంపాల్సిన డేటా వరసగా ఆగే చిన్న బఫర్) ఉన్న డేటా ఖాళీ అయ్యేదాకా అది ఇంకా రాస్తూనే ఉండొచ్చు. కాబట్టి స్టాప్ బిట్ రాశాక కార్డు స్టేటస్ రిజిస్టర్‌ని తిరిగి చదవాలి, ఐడిల్ బిట్ (పనేమీ లేదన్న గుర్తు) వచ్చేదాకా. ఈ చదవడంలో రెండు లాభాలున్నాయి. ఒకటి, మీ రైట్ ముందు కార్డుకి చేరాకే చదువు దాన్ని చేరుతుంది. రెండోది, కార్డు పంపే జవాబు అదే కార్డు అంతకుముందు పంపిన మెమరీ రైట్లని దాటి ముందుకు రాకూడదన్నది పీసీఐ ఆర్డరింగ్ నియమం (రిలాక్స్‌డ్ ఆర్డరింగ్ వాడకపోతే). అంటే ఐడిల్ అన్న జవాబు చేతికి వచ్చేసరికి, దానికి ముందు కార్డు పంపిన డేటా మెమరీ వైపు చేరిపోయి ఉంటుంది. ఆ నియమం తెలిశాకే నాకు ధైర్యం వచ్చింది.

ఒక జాగ్రత్త. కార్డు ఊడిపోయినా, లింక్ పడిపోయినా రిజిస్టర్ చదివితే అన్ని బిట్లూ 1గానే వస్తాయి. ఐడిల్ బిట్ కూడా అందులో ఉంటుంది. అన్నీ ఎఫ్‌లు (హెక్స్‌లో అన్ని బిట్లూ 1 అని) వస్తే దాన్ని ఐడిల్ అనుకోకుండా విడిగా చూడండి.

తర్వాతి తప్పు ఇంకా సూక్ష్మం. కొత్త కార్డు ఆగగానే ఇంటరప్ట్ ఇస్తుంది కదా, పోలింగ్ (మళ్లీ మళ్లీ చదివి చూడటం) ఎందుకని రిలీజ్‌లో వెయిట్ ఈవెంట్ ఇంటరప్టిబుల్ (సిగ్నల్ వస్తే మధ్యలోనే లేచే వెయిట్) వాడాను. మిగతా డ్రైవర్‌లో అంతా అదే వాడటం అలవాటు. కానీ ఏదైనా సిగ్నల్ పెండింగ్‌లో ఉంటే అది ఒక్క క్షణం కూడా ఆగకుండా ఎర్రర్‌తో వెనక్కి వచ్చేస్తుంది. రిలీజ్ తరచూ నడిచేదే సిగ్నల్ వల్ల చస్తున్న ప్రాసెస్‌లో. నేను రిటర్న్ విలువ చూడలేదు. రిలీజ్‌లో చూసినా ఎవరికి తిరిగి ఇస్తాం? రిలీజ్ ఇచ్చే ఎర్రర్‌ని కెర్నల్ పట్టించుకోదు. అక్కడ సిగ్నల్‌తో చెడని వెయిట్ కావాలి, దానికి కచ్చితంగా టైమవుట్ ఉండాలి. టైమవుట్ లేకపోతే చెడిపోయిన కార్డు కోసం ప్రాసెస్ డీ స్థితిలో (కిల్‌కి కూడా లొంగని నిద్ర) ఇరుక్కుపోతుంది, రీబూట్ చేస్తే తప్ప వదలదు.

మరి టైమవుట్ అయిపోయినా కార్డు ఆగలేదంటే? ముందు పీసీఐ కమాండ్ రిజిస్టర్‌లో బస్ మాస్టర్ బిట్ తీసేయండి. అది పోతే కార్డు కొత్తగా మెమరీ రైట్లు పంపకూడదు. ఆ తర్వాత, కార్డుకి ఆ సౌకర్యం ఉంటే, ఫంక్షన్ లెవల్ రీసెట్ చేయండి. స్పెక్ ప్రకారం అది 100 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. అదీ పని చేయకపోతే నా సలహా ఒక్కటే: ఆ పేజీల్ని విప్పకండి. అలాగే పిన్‌లో వదిలేసి, కెర్నల్ లాగ్‌లో గట్టిగా రాసి, ఆ డివైస్‌ని మళ్లీ తెరవనివ్వకండి. మెమరీ లీక్ చేయడమా అని మా టీమ్‌లో ఒకరు అభ్యంతరం చెప్పారు. కొన్ని మెగాబైట్లు పోతే రీబూట్ తర్వాత తిరిగి వస్తాయి. వేరొకరి ఫైల్‌లోకి వెళ్లిన మన డేటా తిరిగి రాదు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఈ వరసని బాగా రాసిన చోటు చూడాలంటే కెర్నల్ సోర్స్‌లోనే వీఎఫ్ఐఓ పీసీఐ డ్రైవర్ (కార్డుని నేరుగా యూజర్ ప్రోగ్రాంకి అప్పగించేది) ఉంది. చివరి వాడకందారు వదిలినప్పుడు డివైస్‌ని డిసేబుల్ చేసే ఫంక్షన్‌లో, మొదట్లోనే బస్ మాస్టర్‌ని తీసేస్తారు. యూజర్ ప్రోగ్రాం కార్డుని ఏ స్థితిలో వదిలేసిందో వాళ్లకి అస్సలు తెలియదు కాబట్టి దేన్నీ నమ్మకుండా రాశారు. మీరూ అలాగే అనుకుని రాయండి.

ఇక రిలీజ్ ఎప్పుడు నడుస్తుందన్న విషయం. ఇది ప్రాసెస్ చచ్చినప్పుడు నడిచే ఫంక్షన్ కాదు. ఆ ఓపెన్ ఫైల్ మీద ఉన్న చివరి రెఫరెన్స్ పోయినప్పుడు నడుస్తుంది. ఫోర్క్ చేస్తే పిల్ల ప్రాసెస్‌కి కూడా అదే ఫైల్ వెళ్తుంది. యూనిక్స్ సాకెట్ ద్వారా డిస్క్రిప్టర్‌ని (తెరిచిన ఫైల్ నంబర్) ఇంకో ప్రాసెస్‌కి పంపొచ్చు. ఎంమ్యాప్ చేసి (డివైస్‌ని ప్రాసెస్ అడ్రస్ స్పేస్‌లోకి తెచ్చుకుని) ఉంటే ఆ మ్యాపింగ్ కూడా ఫైల్‌ని పట్టుకుని ఉంటుంది. మాకు జరిగింది ఇది: ప్రోగ్రాం మధ్యలో ఒక చిన్న హెల్పర్‌ని నడిపేది, అది డిస్క్రిప్టర్‌ని వారసత్వంగా తీసుకుని బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండిపోయేది. అసలు ప్రాసెస్ చచ్చినా రిలీజ్ రాలేదు, కార్డు ఎవరూ చదవని మెమరీలోకి గంటల తరబడి రాస్తూ కూర్చుంది. పిన్ ఉంది కాబట్టి నష్టం జరగలేదు గానీ, కొత్త ప్రోగ్రాంకి డివైస్ బిజీ అని వచ్చేది. యూజర్ వైపు క్లోజ్ ఆన్ ఎగ్జెక్ ఫ్లాగ్ (ఇంకో ప్రోగ్రాంని నడపగానే అందులో ఆ ఫైల్‌ని మూసేసేది) పెడితే తీరింది. డ్రైవర్ వైపు నుంచే పట్టుకోవాలంటే ఫ్లష్ అనే కాల్‌బ్యాక్ ఉంది, అది ప్రతి క్లోజ్‌కీ వస్తుంది, ప్రాసెస్ చావులో మూసే ఫైళ్లకి కూడా.

ఇందులోనే ఇంకో ఉచ్చు. రిలీజ్‌లో కరెంట్ అనే పాయింటర్ (ఇప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌ని చూపేది) చూస్తే అది ఓపెన్ చేసిన ప్రాసెస్ అని అనుకోకండి. పైన చెప్పిన కారణాల వల్ల వేరే ప్రాసెస్ కావచ్చు, కెర్నల్ సొంత వర్క్‌క్యూ థ్రెడ్ కూడా కావచ్చు. అదే ప్రాసెస్ అయినా, అడ్రస్ స్పేస్ ముందే వదిలేసింది కాబట్టి దాని ఎంఎం పాయింటర్ (అడ్రస్ స్పేస్‌ని చూపేది) నల్‌గా ఉంటుంది. పిన్ చేసేటప్పుడు లాక్ చేసిన పేజీల లెక్క పెంచి, రిలీజ్‌లో కరెంట్ ద్వారా తగ్గించబోయి నేను ఒక ఊప్స్ (కెర్నల్ లోపలి క్రాష్) తెచ్చుకున్నాను. పిన్ చేసేటప్పుడే ఎంఎం పాయింటర్‌ని మీ స్ట్రక్చర్‌లో దాచుకుని, దాని మీద ఎంఎం గ్రాబ్‌తో రెఫరెన్స్ తీసుకోండి, లెక్క సరిచేశాక ఎంఎం డ్రాప్‌తో వదలండి.

గ్రాబ్ అన్నాను, గెట్ అనలేదు, గమనించండి. ఎంఎం గెట్ తీసుకుంటే అడ్రస్ స్పేస్ మొత్తం బతికే ఉంటుంది, మ్యాపింగులు కూలవు. మీ డివైస్‌ని ఆ ప్రాసెస్ ఎంమ్యాప్ చేసి ఉంటే ఆ మ్యాపింగ్ మీ ఫైల్‌ని పట్టుకుని ఉంటుంది. మీ ఫైల్ వదిలితేనే రిలీజ్ వస్తుంది, రిలీజ్ వస్తేనే మీరు అడ్రస్ స్పేస్‌ని వదులుతారు. ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ ఎప్పటికీ కూలవు. ప్రాసెస్ లిస్టులో ఏమీ కనిపించదు, మెమరీ మాత్రం తిరిగి రాదు. ఎంఎం గ్రాబ్ అయితే స్ట్రక్చర్ ఒక్కటే మిగులుతుంది, మ్యాపింగులు మామూలుగా పోతాయి.

ఎంమ్యాప్ మాట వచ్చింది కాబట్టి రెండో దిశ గురించి కొంచెం. కార్డు రిజిస్టర్లని లేదా కార్డు మీది మెమరీని యూజర్‌కి మ్యాప్ చేసి ఇస్తే, ప్రాసెస్ చావుతో ఆ పేజీ టేబుళ్లు కెర్నల్ తీసేస్తుంది. అవి మామూలు పేజీలు కావు కాబట్టి ఫ్రీ చేసేదేమీ ఉండదు. అయితే ప్రాసెస్ చివరిగా రాసిన విలువలు రిజిస్టర్లలో అలాగే ఉంటాయి. డోర్‌బెల్ (పని మొదలుపెట్టమని చెప్పే రిజిస్టర్) కొట్టి చచ్చిందంటే ఆ పని కార్డు చేస్తూనే ఉంటుంది. ఫోర్క్‌లో ఆ మ్యాపింగ్ పిల్లకి వెళ్లకూడదనుకుంటే డోంట్ కాపీ ఫ్లాగ్ పెట్టండి.

మీరు పిన్ చేయకుండా, కార్డు ప్రాసెస్ పేజీ టేబుళ్లనే నేరుగా వాడే పద్ధతికి (ఎస్‌వీఏ అంటారు) వెళ్లే ఆలోచనలో ఉంటే కథ మారుతుంది. అక్కడ పేజీల్ని పట్టుకునే పిన్ లేదు. అందుకని అడ్రస్ స్పేస్ కూల్చే ముందే ఎంఎంయూ నోటిఫైయర్ రిలీజ్ కాల్‌బ్యాక్ వస్తుంది. 2008లో 2.6.27తో వచ్చిన సౌకర్యం ఇది. ఆ కాల్‌బ్యాక్ నుంచి మీరు వెనక్కి వచ్చే లోపు కార్డు ఆ అడ్రస్ స్పేస్‌ని ముట్టుకోవడం ఆగిపోవాలి. ఎందుకంటే వెంటనే పేజీలు ఫ్రీ అవుతాయి. ఫైల్ రిలీజ్ దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. కెర్నల్‌లోని ఎస్‌వీఏ సదుపాయం వాడితే ఐఓఎంఎంయూ (కార్డు ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్) వైపు ఆ పని అదే చూసుకుంటుంది, కార్డు యాక్సెస్‌లు ఆ పేజీల్ని చేరవు. అయినా అన్‌బైండ్ చేసే ముందు కార్డు ఆ పాసిడ్‌తో (ఆ అడ్రస్ స్పేస్ గుర్తు నంబర్) రిక్వెస్టులు పంపడం ఆపించాల్సింది మీరే. మామూలు క్యాప్చర్ కార్డుకైతే నేను పిన్ పద్ధతే ఎంచుకుంటాను. తప్పు జరిగే చోట్లు తక్కువ.

పిన్ చేయడానికి పాత గెట్ యూజర్ పేజెస్ కాకుండా 2020లో 5.6తో వచ్చిన పిన్ యూజర్ పేజెస్ వాడండి. కార్డు రాసిన పేజీలు కాబట్టి విప్పేటప్పుడు డర్టీగా (డేటా మారిందని) గుర్తుపెట్టే రకాన్ని వాడండి.

ఇప్పుడు టెస్టింగ్. మా మెషీన్లలో ఐఓఎంఎంయూ ఆఫ్‌లో ఉండేది, అందుకే అన్ని రోజులు చీకట్లో తడుముకున్నాం. ఆన్ చేసి చూసిన రోజే, కిల్ కొట్టిన క్షణంలోనే డీమార్ ఫాల్ట్ లైన్లు (ఇంటెల్ ఐఓఎంఎంయూ ఎర్రర్లు) లాగ్‌లో వచ్చాయి, మా కార్డు బస్ నంబర్‌తో సహా, ఏ అడ్రస్‌లోకి రాయబోయిందో కూడా చెబుతూ. ఐఓఎంఎంయూ స్ట్రిక్ట్ మోడ్‌లో పెట్టండి, బూట్ లైన్‌లో ఐఓఎంఎంయూ డాట్ స్ట్రిక్ట్ విలువ 1. లేజీ మోడ్‌లో మ్యాపింగ్ తీసేసినా దాని పాత ఎంట్రీ కొంతసేపు, సుమారు 10 మిల్లీసెకన్ల దాకా, బతికే ఉండొచ్చు. ఆ కాసేపట్లో జరిగిన తప్పు రైట్ ఫాల్ట్‌గా కనిపించదు, నేరుగా మెమరీలోకి పోతుంది.

దానితో పాటు పేజ్ పాయిజనింగ్ ఉన్న కెర్నల్ కట్టి, ఆ ఆప్షన్ ఆన్ చేయండి. ఫ్రీ అయిన పేజీని తెలిసిన విలువతో నింపి, మళ్లీ ఇచ్చేటప్పుడు అది మారిందేమో చూస్తుంది. మారితే లాగ్‌లో ఆ బైట్లు అచ్చవుతాయి. నేను ఒక రౌండ్ ఐఓఎంఎంయూ స్ట్రిక్ట్‌తో, ఒక రౌండ్ ఐఓఎంఎంయూ ఆఫ్ చేసి పాయిజనింగ్‌తో నడుపుతాను. క్యాప్చర్ పూర్తి వేగంతో నడుస్తుండగా, మొదలైన ఒక మిల్లీసెకన్ నుంచి రెండు సెకన్ల మధ్య ఏదో ఒక సమయంలో కిల్ మైనస్ 9, వెంటనే మెమరీ బాగా తినే ఇంకో ప్రోగ్రాం, అప్పుడే ఫ్రీ అయిన పేజీలు త్వరగా వేరే చేతికి వెళ్లడానికి. రాత్రంతా ఇదే లూప్. మా పాత డ్రైవర్ దీని కింద పది నిమిషాలు కూడా నిలబడలేదు. సరిచేసిన తర్వాత మూడు రాత్రులు నడిపి, పొద్దున్నే లాగ్ తెరిచి ఆ నాలుగు బైట్ల కోసం వెతికాను. ఎక్కడా కనిపించలేదు.